రోలు కింద దొర తుపాకి

పెరట్లో రోలు పెళ్లగిస్తుంటే దాని కింద తుపాకి దొరికిందని మా తమ్ముడు ఫోన్ చేసేసరికి, నేను టెక్కలిలో మా ఇంటి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు నారలు తీస్తున్నాను. జీడిపిక్కలు ఆరబోసుకోవడానికి రేకుల షెడ్డు వేస్తానని వాడు ఏడాదిగా అంటున్నాడు. ఆ రోజు పెరడు చదును చెయ్యడానికి మిషను పెట్టించాడట. "నల్లగా పెంకు కట్టేసి ఉందప్పా. ముందు నాగలి ముక్కేమో అనుకున్నాం. ఇప్పుడేటి సేద్దాం, మళ్లీ పూడ్చేద్దుమా?" అన్నాడు. "ముట్టుకోకు. స్టేషనుకి కబురు పెట్టు" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, గొంతు ఎలా ఉంచుకోవాలో నాకు తెలుసు. ఫోను పెట్టేశాక చూసుకుంటే, ఒలిచిన కాయల్ని నారల్లో వేసి, నారల్ని గిన్నెలో వేస్తున్నాను.

ఆ తుపాకిని మేం దొర తుపాకి అనేవాళ్లం. మా తాత కుర్రతనంలో రంగూన్ వెళ్లి, ఓడరేవులో కూలీల మేస్త్రీగా పనిచేసి, తిరిగొచ్చాక మా ఊరికి మునసబు అయ్యాడు. రేవులో గొలుసు తెగి బరువు మీద పడబోతుంటే ఒక ఇంగ్లీషు దొరను పక్కకు లాగేశాననీ, దొర కళ్లనీళ్లు పెట్టుకుని తన నడుముకున్న రివాల్వరు తీసి చేతిలో పెట్టాడనీ చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ బరువు మారిపోయేది. ఒకసారి టేకుదుంగ, ఒకసారి బియ్యం బస్తాలు, ఇంకోసారి ఇనప్పెట్టె. మారనిది దొర ఒక్కడే. దసరాకి కొడవళ్లూ గునపాలూ కడిగి పీట మీద పరిచి, వాటికి తలవైపున దాన్ని పెట్టేవాడు. కొబ్బరినూనెతో తుడిచి, గొట్టం మీద కుంకుమ బొట్టు పెట్టి, మా చేత దణ్ణం పెట్టించేవాడు. గొట్టం పైన సన్నటి ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉండేవి. తాతకు ఇంగ్లీషు రాదు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన ఏడు నన్ను చదవమన్నాడు. చివర్లో 'లండన్' అనే మాట రాగానే తాత తలెత్తి సభను చూసినట్టు చూశాడు. అక్కడ ఉన్నది మా ఇంట్లో ఆరుగురం, ఒక ఆవూను.

మామ్మకు ఆ తుపాకి అంటే గిట్టేది కాదు. పూజలో దాని మీద అక్షింతలు వెయ్యమంటే పక్కనున్న కొడవలి మీద వేసేది. ఆవిడ లోకమంతా పెరట్లోనే ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే అక్కడ గొయ్యి తవ్వి జీడిపిక్కలు కాల్చేవాళ్లు. ఆ పొగ కళ్లలో మండేది, గొంతులో పట్టేది, అన్నంలోకి కూడా ఆ వాసన వచ్చేది. అయినా ఇప్పుడు ఎక్కడైనా ఆ వాసన తగిలితే నేను ఆగి నిలబడిపోతాను. పిక్కల పెంకుల్లోంచి కారిన నల్లటి నూనెను మామ్మ డబ్బాలో పట్టి దాచేది. ఇంటి గుంజల అడుగులకూ, తలుపు గడపలకూ, బండి ఇరుసుకూ అదే రాయించేది. అది రాస్తే చెద పట్టదు, ఉప్పుగాలి కొరకదు అని మా ఉద్దానం జీడితోటల ఊళ్లలో అందరికీ నమ్మకం. చర్మానికి తగిలితే మాత్రం బొబ్బలెక్కి, తోలు ఊడిపోతుంది. అందుకే గుడ్డ చుట్టిన కర్రతో రాసేవారు, రాసినవాళ్లు చేతులకు ముందే బూడిద పూసుకునేవారు. సముద్రం ఒడ్డున ఉన్న పేట నుంచి ఎర్రయ్య అనే మనిషి ఏటా దసరా వెళ్లాక ఆ నూనె కోసం మా ఇంటికి వచ్చేవాడు. తెప్పకు రాసుకోవడానికి. వస్తూ మెత్తళ్ల ఎండుచేపలు తెచ్చి, మామ్మ చాటలో పోసి, గడప అవతలే కూర్చునేవాడు. వెంట ఆయన కూతురు దాలమ్మ వచ్చేది. నాకంటే రెండు మూడేళ్లు చిన్నది. నన్ను 'పాపగోరూ' అని పిలిచేది. ఆ పిల్ల తెచ్చిన గవ్వలతో మేమిద్దరం రోలు పక్కన ఆడుకునేవాళ్లం.

ఆ ఏడు ఉద్దానంలో నక్సలైట్ల గొడవలు. పిల్లలకు అర్థమైందల్లా, పెద్దవాళ్లు జీడితోటల్లోకి ఒంటరిగా వెళ్లడం మానేశారని, పోలీసు వ్యాన్లు వస్తే కోళ్లు కూడా అరవడం మానేస్తాయని. తుపాకి ఉన్న ఇంటికి తోటల్లోంచి ఎవరో వస్తారని, తుపాకితోపాటు ప్రాణం కూడా తీసుకుపోతారని ఆడవాళ్లు నూతి దగ్గర చెప్పుకునేవారు. లైసెన్సున్న ఆయుధాలన్నీ స్టేషనులో అప్పగించమని పైనుంచి కబురొచ్చింది. "దొర నా చేతిలో పెట్టింది నేను జవాన్ల చేతిలో పెట్టాలా?" అని తాత రెండు రోజులు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. మూడోరోజు ఒప్పుకుని పెట్టె తెరిస్తే, అందులో పసుపుబట్ట ఉంది గాని తుపాకి లేదు. ఆ వారంలో మా గడప దాకా వచ్చిన పరాయి మనిషి ఎర్రయ్య ఒక్కడే. తాత ఆ పేరే చెప్పాడు. ఎర్రయ్యను వ్యానులో ఎక్కించుకుపోయారు. చాలా రోజులకు వదిలిపెట్టారు. ఆయన కుడిచేతి వేళ్లు ఆ తర్వాత ఎప్పుడూ ముడుచుకోలేదు.

అంతకంటే పెద్ద దెబ్బ పేటలో తగిలింది. అక్కడ పెద్దవల అని ఉండేది. దాన్ని తెప్ప మీద తీసుకెళ్లి సముద్రంలో వంపుగా దింపితే, రెండు కొసల తాళ్లనూ ఒడ్డు నుంచి పేట మొత్తం పట్టి లాగాలి. తాడు పట్టిన ప్రతి ఇంటికీ చేపల్లో భాగం. దొంగతనం నింద పడిన మనిషి చెయ్యి తాడు మీద పడితే గంగమ్మ వల నింపదని వాళ్ల కట్టుబాటు. నింద వేసినవాళ్లే ఒడ్డుకొచ్చి, పేట ముందు నోటితో తీసేస్తే తప్ప ఆ ఇంటివాళ్లు తాడు ముట్టుకోకూడదు. మా తాత ఒడ్డుకు వెళ్లలేదు. ఎర్రయ్య బతికినన్నాళ్లూ వల లాగే వేళకు ఇంట్లో గోడకేసి తిరిగి పడుకునేవాడట. ఆయన పోయాక తల్లీకూతుళ్లు పలాస చేరి, జీడిపిక్కలు కొట్టే పనిలో కుదిరారు.

ఆ రోజుల్లో మామ్మ మాకు గరిటెతో అన్నం పెట్టింది. అది నేను మరిచిపోలేదు. మామూలుగా పెద్ద కంచంలో అన్నం కలిపి, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ముద్దలు చేసి చేతిలో పెట్టేది. ఆ పది రోజులూ కలపలేదు. చేతులకు పాతచీర పేలికలు చుట్టుకుంది. విప్పి కొబ్బరినూనె రాసుకుంటుంటే చూశాను. రెండు అరచేతులూ తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి. నూనె డబ్బా ఖాళీగా బోర్లించి ఉంది. అదే వారంలో రోలు వదులైపోయిందని చెప్పి, దాని చుట్టూ కొత్తమట్టి వేసి గట్టి చేసింది. ఆ తర్వాత అక్కడే కొత్త ఇల్లు కట్టినా, మిక్సీ వచ్చినా, రోలు దారికి అడ్డమని నాన్న ఎన్నిసార్లన్నా మామ్మ దాన్ని కదలనివ్వలేదు. నేను చిన్నపిల్లని. చూసినవాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టుకునే తెలివి నాకు చాలా ఏళ్లకు గాని రాలేదు. వచ్చేసరికి మామ్మా లేదు, తాతా లేడు. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నే.

తుపాకి సంగతి పలాసలో డయాలసిస్ మంచాల దగ్గరికి కూడా పాకింది. ఈ రోజుల్లో ఉద్దానం వార్తలు అక్కడే కలుస్తాయి. మా చిన్నప్పుడు నూతి దగ్గర కలిసేవి. ఇప్పుడు ఆ నూతి నీళ్లంటేనే భయపడి జనం డబ్బాల నీళ్లు తాగుతున్నారు. ఇంటికొకరో ఇద్దరో కిడ్నీలు చెడి వారానికి రెండుసార్లు ఆటో ఎక్కి రక్తం కడిగించుకోవడానికి వెళ్తున్నారు. ఒకరోజు మధ్యాహ్నం నా గేటు ముందు ఆటో ఆగి, ఎండిపోయిన మనిషి ఒకామె దిగింది. ఎడమచేతికి పట్టీ ఉంది. రెండు చేతుల వేళ్లూ జీడి మరకలతో నల్లగా ఉన్నాయి.

"పాపగోరూ, నాను దాలమ్మని" అంది.

కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప అవతలే చతికిలబడింది. లోపలికి రమ్మని చెయ్యి పట్టుకోబోతే, "ఆ సెయ్యి పట్టుకోకండి, సూదులెడతారు" అంది. మంచినీళ్లిస్తే రెండు గుక్కలు తాగి, మిగిలినవి పక్కన పెట్టేసింది. ఇన్ని నీళ్లే తాగాలని లెక్క ఉందట. "తుపాకి దొరికింది కదేటి. అది మీ తాతగోరిదేనని గవర్నమెంటోల్లు కాయితం మీద రాయాల. మా అయ్య దొంగ కాదని నాను పోకముందు తేలాల. దాక్టరుగోరు నాకు ఎక్కువ రోజులు సెప్పనేదు" అంది. నేను తల ఊపాను. ఇంకేం చెయ్యగలను?

నాన్న కాగితాల్లో వెతికితే తాత లైసెన్సు దొరికింది. దాని మీద 'ఇంగ్లీషు తయారీ రివాల్వరు' అని, కింద ఒక నంబరు రాసి ఉన్నాయి. అది పట్టుకుని ఇద్దరం స్టేషనుకు వెళ్లాం. అక్కడి ఎస్సై మా తమ్ముడి కొడుకు వయసువాడు, మర్యాదస్తుడు. తుపాకులు బాగుచేసే ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దాయనను పిలిపించాడు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, తుపాకిని చేతిలోకి తీసుకుని, ముందు చక్రంలోకి టార్చి వేసి గుళ్లు లేవని చూసుకున్నాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నవ్వాడు.

"ఎవరో దీనికి జీడినూనె పట్టించీసినార్రా బాబూ. గుంజకి రాసినట్టు రాసీసినారు" అన్నాడు. "సక్రం తిరగదు, తూటాని కొట్టీ గుర్రం కదలదు. అంతా బంకయిపోయి బిగుసుకుపోనాది. పాడవ్వకూడదని రాసినారు, దాంతోనే పాడైపోనాది."

మామ్మ ఎందుకలా చేసిందో నాకు తెలుసు. ఇంటిని నిలబెట్టే వస్తువులకు ఆవిడ రాసేది అదొక్కటే. మొగుడి ప్రాణం మీదికి తెచ్చే తుపాకిని దాచెయ్యాలి, కాని ఆయన ప్రాణంగా చూసుకునే వస్తువు కనక చెడిపోకూడదు. డబ్బాలో ఉన్న నూనంతా చేతులతోనే పట్టించి ఉంటుంది. బిగుసుకుపోతుందని ఆవిడకేం తెలుసు?

పెద్దాయన కత్తి ముట్టనివ్వలేదు. కత్తి పెడితే గుర్తులు గీసుకుపోతాయట. ఏదో ద్రావకంలో గుడ్డ తడిపి పెంకు మీద కప్పి, నానాక వెదురుపుల్లతో కొద్దికొద్దిగా గీకాడు. ఆ పనికి మూడు రోజులు పట్టింది. రెండోరోజు దాలమ్మకు డయాలసిస్ ఉంటే, అది అయ్యాక నేరుగా స్టేషనుకే వచ్చి వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. పెంకు ఊడినచోట ఇనుము నీలంగా మెరిసింది. ఉప్పుగాలి దాన్ని ముట్టుకోలేదు. ముందు గొట్టం పైన అక్షరాలు వచ్చాయి. నా చిన్నప్పటి అక్షరాలే, చివర్లో లండన్. నేను "మాదే" అన్నాను. పెద్దాయన ఇంకా గీకుతూ, చక్రం మీద ఒక గుర్తు కనబడగానే భూతద్దం తెప్పించుకున్నాడు. కోడిగుడ్డు ఆకారంలో సన్నటి గీత, లోపల మూడు ఇంగ్లీషు అక్షరాలు, పైన చిన్న కిరీటం.

"ఇది ఇంగ్లీషుది కాదమ్మా" అన్నాడు. "బెల్జియంలో లీజ్ అనే ఊరుంది. అక్కడ పరీక్ష సేసిన తుపాకులకే ఈ గుడ్డు గుర్తు కొడతారు. ఇంగ్లండులో గుర్తులు వేరు. అక్కడ సవగ్గా సేసి, పైన లండన్ పేరు సెక్కించి, రంగూన్‌లోనూ కలకత్తాలోనూ కొట్లలో అమ్మీవోరు. దొరలు ఇలాటివి కట్టుకోరు. కొట్లో కొనుక్కున్న సరుకిది."

ఇంట్లో మూడు తరాలు దణ్ణం పెట్టిన దొర అక్కడికక్కడే పోయాడు. నాకు నవ్వొచ్చింది కూడా. దాలమ్మకు మాత్రం ముఖం పాలిపోయింది. "కాయితం మీద ఇంగ్లీసుదని ఉందన్నారు. మరిది మీది కాదేటి? మా అయ్య తీసిన తుపాకి ఇంకెక్కడో ఉందంతారేటి?" అంది. ఎస్సై కూడా కాగితం చూసి తల గోక్కున్నాడు. నంబరు ఇంకా బయటపడలేదు, తయారీ కలవకపోతే అదే ఇదని రాయలేనన్నాడు. ఆ సాయంత్రం ఆమెను ఆటో ఎక్కిస్తుంటే నా చెయ్యి విడిపించుకుని ముఖం అవతలికి తిప్పుకుంది. తాత డాబు కోసం చెప్పిన అబద్ధం, లైసెన్సు రాసిన గుమస్తా మారు మాట్లాడకుండా ఎక్కించిన మాట, ఇన్నేళ్లకు ఎర్రయ్యకే అడ్డం పడింది. ఆ రాత్రంతా తాతను తిట్టుకుంటూనే ఉన్నాను.

మూడోరోజు పెద్దాయన పిడికి రెండు వైపులా ఉన్న చెక్కలు విప్పాడు. చెక్కల కింద ఇనుము మీద నంబరు కొట్టి ఉంది. ఒక్కో అంకె ఆయన చదువుతుంటే, ఎస్సై లైసెన్సు మీద వేలు పెట్టి ఒక్కోటీ సరిచూశాడు. అన్నీ కలిశాయి. "పేరు అబద్ధమాడుద్ది గాని నంబరు ఆడదమ్మా" అన్నాడు పెద్దాయన, స్క్రూలు డబ్బాలో వేసుకుంటూ. ఎస్సై కాగితం రాసిచ్చాడు. దాలమ్మ దాన్ని చదివించుకుని, మడిచి జాకెట్టులో పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "కాయితం నాకు. పేటకి కాయితం సాలదు. మీరొచ్చి ఒడ్డున నోటితో సెప్పాల. మీ తాతగోరు రావల్సింది, మీరొస్తారు" అంది.

వెళ్లాను. సోంపేట దాటి, కొబ్బరితోటల మధ్య ఆటోలో ఊగుతూ. పెద్దవల ఇప్పుడు రోజూ వెయ్యరు. అందరివీ ఇంజను బోట్లూ నైలాన్ వలలూ. పడుచువాళ్లు వేరే రాష్ట్రాల రేవులకు పోయారు. ముసలివాళ్లు కొందరు ఇంకా మానలేక ఎప్పుడైనా దింపుతారు. జీడినూనె తెప్పలకు రాసేవాళ్లే లేరు, అది డ్రమ్ముల్లో లారీలెక్కి పోతోంది. ఎండ ఏటవాలుగా ఉంది. ఇసక మీద ఇరవై మంది దాకా కూర్చున్నారు. పేటపెద్ద గురయ్య నన్ను చూసి లేచి, తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు. నేను చెప్పాల్సింది చెప్పాను. తుపాకి మా రోలు కిందే ఉందని, మా మామ్మ తాతకు కూడా చెప్పకుండా దాచి ఉంటుందని, నంబరు కలిసిందని, ఎర్రయ్య మా ఇంట్లోంచి ఏమీ తియ్యలేదని, మా తాత వేసిన నింద తీసేస్తున్నానని. బాగానే చెప్పాననుకున్నాను. కొందరు ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

"అయిపోనాదేటి దాలమ్మా?" అన్నాడు గురయ్య.

"నేదు మావా. ఇంకా ఉంది. పాపగోరు సెప్తారు" అంది దాలమ్మ.

"ఇంకేముంది దాలమ్మా?" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, అలసట ఉంది. "మా అయ్య టేసన్లో ఒక్క మాటే సెప్పినాడు. మునసబుగోరి ఇంటావిడ సేతులు సూడండి బాబూ, అన్నాడు. నాకు నూని నేదని డబ్బా బోర్లించి సూపించినారు, సేతులు సూత్తే కాలిపోయున్నాయి, దేనికి రాసినారో అడగండి అన్నాడు. ఆల్లు మీ ఇంటికొచ్చినారు. ఆవిణ్ణి అడగనేదు, మునసబుగోరి పెల్లం గదా. సిన్నపిల్ల అబద్దం సెప్పదని మిమ్మల్ని అడిగినారు. మా అయ్యని యానులో కూకోబెట్టి, ఆడు ఇంతండగానే అడిగినారు."

ఖాకీ నిక్కరు మోకాళ్లు నా ఎదురుగా వంగడం గుర్తొచ్చింది. ఆ మనిషి ముద్దుగానే అడిగాడు. మీ మామ్మ చేతులకేమైంది తల్లీ? తలుపు వెనక మామ్మ చీర అంచు కనబడుతోంది. ముందురోజే నాకు చెప్పి ఉంచింది, ఎవరైనా అడిగితే ఇలా అనమ్మా అని. "జీడిపిక్కలు కాల్చింది" అన్నాను. అది దసరా వెళ్లిన వానల రోజులు. మా పిక్కలు ఎండాకాలంలోనే అయిపోయాయి, కాల్చే గొయ్యిలో మోకాలి లోతు నీళ్లున్నాయి. ఆ కాలంలో మా ఇంట పిక్కలెక్కడివని అడగాలంటే ఆ గోతివైపు చూస్తే చాలు. ఎవరూ చూడలేదు. వ్యాను తలుపు వేసుకున్నారు.

పైన, మామ్మ చేతుల గురించి రాసినచోట, నన్నెవరూ అడగలేదని రాశాను. అది తుపాకి దొరికిన వారంలో రాసిన పేజీ. అప్పుడు నిజమనుకునే రాశాను, యాభై ఏళ్ల పైగా నాకు నేను అదే చెప్పుకున్నాను. దాన్ని కొట్టెయ్యడం లేదు. నేనెలాంటిదాన్నో చదివేవాళ్లకు తెలియాలి.

ఒడ్డున అందరి ముందూ ఆ మాట కూడా చెప్పాను. ఈసారి గొంతు నా చేతిలో లేదు. సముద్రంలో వల దింపిన తెప్ప ఒడ్డుకొచ్చింది, తాడు కొస పట్టుకుని ఒకతను నీళ్లలోంచి నడిచొచ్చాడు. గురయ్య ఆ తాడు తీసుకెళ్లి దాలమ్మ ముందు పట్టాడు. ఎడమచేత్తో బరువు లాగకూడదని డాక్టర్లు చెప్పారు, అందుకని ఆ చెయ్యి కొంగులో దాచుకుని, కుడిచెయ్యి ఒక్కటే తాడు మీద వేసింది. వేళ్లు గట్టిగా ముడిచింది. ముసలివాళ్లు ఆమె వెనకా ముందూ నిలబడి లాగడం మొదలుపెట్టారు. ఆమె అడుగు తడబడుతుంటే చూడలేక, నేను కూడా ఒక చెయ్యి వేద్దామని తాడు దగ్గరికి వెళ్లాను.

గురయ్య తాడును కొంచెం అవతలికి జరిపాడు. "మీరొద్దు తల్లీ" అన్నాడు, చాలా మెల్లగా, గౌరవంగా.

నేను చెయ్యి వెనక్కి తీసుకుని, వల ఒడ్డుకు వచ్చేదాకా అక్కడే పక్కన నిలబడ్డాను.